నాలుగు మిల్లీవోల్టులకు ఎంత గెయిన్ కావాలి?

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ఒకే విషయం మీద ఉన్నాయి: టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్‌కి (ముల్లు కదలికని సన్నని సిగ్నల్‌గా మార్చే భాగం), ఫోనో ప్రీయాంప్‌కి (ఆ సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి చాలేలా పెంచే డబ్బా) జోడీ కుదరడం లేదని. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి వాయిదా వేసి చోటంతా వీటికే ఇచ్చాం. గెయిన్ అంటే ప్రీయాంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె. దాన్ని డెసిబెల్‌లో రాస్తారు. మీ కార్ట్రిడ్జ్ మిల్లీవోల్టుల్ని ఆ రెట్లతో హెచ్చవేసి చూసుకున్నాకే డబ్బు తియ్యండి. ఈ కింది ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ లెక్క వెయ్యకపోవడమే.

ప్రశ్న: మా టర్న్‌టేబుల్‌కి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ ఉంది. చూసిన రెండు ప్రీయాంపుల్లో ఒకదానిది 40 డెసిబెల్ గెయిన్, ఇంకోదానిది 60. ధరలో పెద్ద తేడా లేదు. 60 తీసుకుంటే సౌండ్ బాగా వస్తుందని షాపులో చెబుతున్నారు. ఏది కొనమంటారు? (సీతమ్మధార)

జవాబు: 40ది కొనండి. 60ది మీ కార్ట్రిడ్జ్‌కి పనికిరాదు.

డెసిబెల్‌ని రెట్లలోకి మార్చుకోవడం తేలికే. ప్రతి 20 డెసిబెల్‌కి పది రెట్లు, ప్రతి 6కి ఇంచుమించు రెండు రెట్లు. అంటే 34 అంటే 50 రెట్లు, 40 అంటే 100, 46 అంటే 200, 60 అంటే 1000. మీ వీఎం95ఈ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. 40 డెసిబెల్ దగ్గర అది 400 మిల్లీవోల్టులవుతుంది. పాత ఆంప్లిఫయర్ల ఆక్స్ సాకెట్‌కి (ఫోనో కాని మామూలు ఇన్‌పుట్) 150 నుంచి 250 మిల్లీవోల్టులుంటే పూర్తి పవర్ వస్తుంది కాబట్టి 400 బాగా సరిపోతుంది. మేం 300 నుంచి 500 మిల్లీవోల్టుల మధ్య గురి పెట్టుకోమంటాం.

60 డెసిబెల్‌తో అదే సిగ్నల్ 4 వోల్టులవుతుంది. అసలు చిక్కు ఇక్కడుంది. ఆ 4 మిల్లీవోల్టులు గరిష్ఠం కావు. ముల్లు సెకనుకి 5 సెంటీమీటర్ల వేగంతో కదిలేలా కోసిన 1 కిలోహెర్ట్జ్ స్వరం దగ్గర తీసిన కొలత అది. డోలు దెబ్బకో, తారస్థాయి గొంతుకో రికార్డు మీది వేగం దానికి అయిదు రెట్లు, అంటే 14 డెసిబెల్ దాకా పోతుంది. అప్పుడు కార్ట్రిడ్జ్ 20 మిల్లీవోల్టులిస్తుంది. 40 డెసిబెల్ దగ్గర అది 2 వోల్టులు. సీడీ ప్లేయర్ పూర్తి స్థాయిలో ఇచ్చేదీ దాదాపు అంతే కాబట్టి ఏ ఆంప్లిఫయరైనా తట్టుకుంటుంది. 60 దగ్గర మాత్రం 20 వోల్టులు రావాలి. ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై ఉన్న మంచి ప్రీయాంప్ కూడా 9 వోల్టులు దాటి ఇవ్వలేదు. 9 వోల్టుల అడాప్టర్ మీద నడిచే చిన్న డబ్బా అయితే రెండున్నర వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైభాగం తెగిపోయి గొంతు గరగరలాడుతుంది. ఆంప్లిఫయర్ వాల్యూమ్ తగ్గిస్తే చప్పుడు తగ్గుతుంది, గరగర పోదు. తెగడం వాల్యూమ్ నాబ్ కంటే ముందే జరిగిపోయింది కదా.

మీకు కావలసిన గెయిన్ కట్టాలంటే 400ని కార్ట్రిడ్జ్ మిల్లీవోల్టులతో భాగించండి. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ 5.5 మిల్లీవోల్టులు, కాబట్టి 73 రెట్లు, 37 డెసిబెల్. డీజేలు వాడిన షూర్ ఎం44-7 ఏకంగా 9.5 మిల్లీవోల్టులు, దానికి 33 చాలు. డెనాన్ డీఎల్-110 ఎంసీ రకమైనా (మూవింగ్ కాయిల్, మామూలుగా తక్కువ సిగ్నల్ ఇచ్చే రకం) 1.6 మిల్లీవోల్టులు ఇస్తుంది, దానికి 48. డీఎల్-103 ఇచ్చేది 0.3 మాత్రమే, దానికి 62 పైన. ఈ అంకెకి రెండు మూడు డెసిబెల్ అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. పది తేడా వస్తే మాత్రం చెవికి తెలిసిపోతుంది.

40 డెసిబెల్ డబ్బా తెచ్చాక మొబైల్ పాటల కంటే రికార్డు కాస్త మెల్లగా వినిపిస్తుంది. అది లోపం కాదు. ఇప్పటి డిజిటల్ పాటల్ని సగటు చప్పుడు పెంచి తయారుచేస్తున్నారు. నాబ్ ఇంకొంచెం తిప్పుకోండి.

ప్రశ్న: ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ కొన్నాను. ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయర్ వెనక ‘ఫోనో’ అని సాకెట్ ఉంటే అందులో పెట్టాను. బాస్ గుయ్యిమంటోంది, మాటలు ముద్దముద్దగా, పగిలినట్టు వస్తున్నాయి. సెట్టు లోపమా? (గాజువాక)

జవాబు: సెట్టు బాగానే ఉంది. వెనక చిన్న స్విచ్ ‘లైన్’ వైపు ఉండి ఉంటుంది, చూడండి. ఆ సెట్టులోపలే 36 డెసిబెల్ ప్రీయాంప్ ఉంది. లైన్‌లో పెడితే 2.5 మిల్లీవోల్టుల సిగ్నల్ 150 మిల్లీవోల్టులై బయటికొస్తుంది. మీరు దాన్ని తీసుకెళ్లి మరో ఫోనో స్టేజికి ఇస్తున్నారు. మామూలు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్, ఎక్కువమంది వాడే కార్ట్రిడ్జ్ రకం) ఫోనో ఇన్‌పుట్ 100 మిల్లీవోల్టుల అటూ ఇటూనే చేతులెత్తేస్తుంది. పగిలిన చప్పుడు అందుకే.

ముద్దగా ఉండటానికి కారణం వేరు. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. ఫోనో స్టేజి దాన్ని తిరగేసి సరిచేస్తుంది. ఆ సర్దుబాటునే ఆర్‌ఐఏఏ అంటారు. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్ పెంపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గింపు. మీ దగ్గర అది రెండుసార్లు జరుగుతోంది.

స్విచ్ లైన్‌లో ఉంచి వైర్లు ఆక్స్‌కి మార్చండి. లేదంటే స్విచ్ ఫోనోకి జరిపి వైర్లు ఉన్నచోటే ఉంచండి. రెండు పద్ధతుల్లోనూ విని ఏది నచ్చితే అది పెట్టుకోవచ్చు. పాత ఆంప్లిఫయర్లలో ఫోనో స్టేజిని శ్రద్ధగా కట్టినవి చాలా ఉన్నాయి, కాబట్టి రెండోది తప్పకుండా విని చూడండి. ఎల్‌పీ60ఎక్స్‌లో ముల్లు మాత్రమే మారుతుంది, కార్ట్రిడ్జ్ ఆర్మ్‌లో భాగం. ముందుముందు ఎంసీకి వెళ్లాలనుకుంటే ఈ సెట్టుతో కుదరదు.

ప్రశ్న: రెండు కార్ట్రిడ్జ్‌ల కాగితాల మీదా 5 మిల్లీవోల్టులనే ఉంది. ఒకటి స్పష్టంగా ఎక్కువ సౌండ్ ఇస్తోంది. ఎలా? (పెద వాల్తేరు)

జవాబు: అంకె పక్కన ఉన్న వేగం చూడండి. కొందరు సెకనుకి 5 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు, కొందరు 3.54 దగ్గర. 3.54 దగ్గర 5 మిల్లీవోల్టులిచ్చేది 5 దగ్గర 7 ఇస్తుంది. తేడా 3 డెసిబెల్. ఇంకొందరు సెంటీమీటరుకి 0.8 మిల్లీవోల్టు అని రాస్తారు. దాన్ని 5తో హెచ్చవేస్తే 4. పోల్చే ముందు అన్నిటినీ 5 దగ్గరికి తెచ్చుకోండి.

ప్రశ్న: డెనాన్ డీఎల్-103 తెప్పించుకున్నాను. నా దగ్గరున్నది 40 డెసిబెల్ ఎంఎం ప్రీయాంప్. వాల్యూమ్ మొత్తం తిప్పినా సరిపోవడం లేదు, పైగా బుస్సుమని శబ్దం. 60 డెసిబెల్ ప్రీయాంప్ కొనాలా, స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా? ట్రాన్స్‌ఫార్మర్ అయితే 1:10 మంచిదా, 1:20 మంచిదా? (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: మీకు బయటికొస్తున్నది 30 మిల్లీవోల్టులు. కావలసిన దానిలో పదో వంతు కూడా లేదు. ఇక ఆ బుస మీ ప్రీయాంప్ మొదటి చిప్ సొంత శబ్దం. ఎంఎం ప్రీయాంపుల్లో విరివిగా వాడే ఎన్ఈ5532 చిప్ శబ్దాన్ని వినికిడి పరిధి మొత్తానికి కూడితే దాదాపు 0.7 మైక్రోవోల్టు అవుతుంది. 4 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్ ముందు అది లెక్కలోకి రాదు. 0.3 మిల్లీవోల్టు ముందు మాత్రం తేడా 53 డెసిబెల్ దగ్గరికి పడిపోతుంది. అందుకే ప్రీయాంప్ తర్వాత ఇంకో ఆంప్లిఫయర్ తగిలించడం వల్ల లాభం లేదు, బుస కూడా పాటతో సమానంగా పెరుగుతుంది. పెంపు మొట్టమొదటే జరగాలి.

మీ ఎంఎం ప్రీయాంప్ మీద మీకు గురి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. 1:10 చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పది రెట్లు చేస్తుంది, చిప్ శబ్దం కలపదు. అయితే అది ప్రీయాంప్ 47 కిలోఓమ్‌ల లోడ్‌ని (ఇన్‌పుట్‌లో కార్ట్రిడ్జ్‌కి ఎదురయ్యే నిరోధం) చుట్ల నిష్పత్తి వర్గంతో భాగించి కార్ట్రిడ్జ్‌కి చూపిస్తుంది. 1:10కి 47,000ని 100తో భాగిస్తే 470 ఓమ్‌లు. డీఎల్-103 కాయిల్ 40 ఓమ్‌లు కాబట్టి సిగ్నల్ కొంచెం తరిగి 3కి బదులు 2.76 మిల్లీవోల్టులు వస్తుంది. 40 డెసిబెల్ తర్వాత 276. 1:20 అయితే లోడ్ 117 ఓమ్‌లకి దిగుతుంది. అప్పుడు 6 రావలసిన చోట 4.5 మిల్లీవోల్టులొస్తుంది, 40 డెసిబెల్ తర్వాత దాదాపు 450. చుట్లు రెట్టింపైనా వోల్టేజి రెట్టింపు కాలేదు చూడండి. డెనాన్ అడిగే లోడ్ 100 ఓమ్‌లు లేదా అంతకు పైన, కాబట్టి రెండూ చెల్లుతాయి. ఆంప్లిఫయర్ ఆక్స్‌కి 200 మిల్లీవోల్టులు చాలితే మా ఓటు 1:10కి. కార్ట్రిడ్జ్ మీద విద్యుత్ భారం తక్కువ పడి పై స్వరాలు విప్పారుతాయి. 1:30 వైపు వెళ్లకండి, లోడ్ 52 ఓమ్‌లకి పడిపోయి సిగ్నల్ సగానికి దగ్గరగా కాయిల్‌లోనే పోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు ఎప్పుడూ ఎంఎం ఇన్‌పుట్‌కే వెళ్లాలి. ఎంసీ ఇన్‌పుట్‌లో పెడితే దాని 100 ఓమ్‌ల లోడ్ కార్ట్రిడ్జ్‌కి 1 ఓమ్‌గా కనిపిస్తుంది, పాట దాదాపు మాయమైపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కీ ప్రీయాంప్‌కీ మధ్య తీగ అర మీటరు దాటనివ్వకండి. ఆంప్లిఫయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా పెట్టి, హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) వస్తే డబ్బాని ఉన్నచోటే మెల్లగా తిప్పుతూ తక్కువగా వినిపించే దిక్కు చూసుకోండి.

మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదైనది. చౌకరకం కొనడం కంటే, ఎంసీ కోసం తక్కువ శబ్దంతో కట్టిన 60 డెసిబెల్ ప్రీయాంప్ కొనడం మేలు. లోడ్ 100 ఓమ్‌లకి మార్చుకునే స్విచ్ ఉందో లేదో చూసి తీసుకోండి. ఇంకో సంగతి. డీఎల్-103కి ముల్లు బరువు 2.5 గ్రాములు, దాని సస్పెన్షన్ బిరుసు. తేలికపాటి ఆర్మ్ మీద అది కుదురుగా నడవదు, బరువైన హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించే భాగం) వాడండి. మల్టీమీటర్‌తో దాని కాయిల్ ఓమ్‌లు కొలిచే ప్రయత్నం మాత్రం చెయ్యకండి. మీటర్ పంపే కరెంటు అంత సన్నని కాయిల్‌కి మంచిది కాదు.

ప్రశ్న: ఎన్ఈ5532తో ఫోనో ప్రీయాంప్ కిట్ కట్టాను. సప్లై 9 వోల్టుల అడాప్టర్. కార్ట్రిడ్జ్ 2ఎం రెడ్, కిట్ కాగితంలో గెయిన్ 36 డెసిబెల్ అని ఉంది. ఇంకా గట్టిగా వినిపించాలని ఫీడ్‌బ్యాక్ నుంచి గ్రౌండ్‌కి వెళ్లే 470 ఓమ్‌ల రెసిస్టర్ తీసి 100 పెట్టాను. దానికి వరసలో 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. సౌండ్ పెరిగింది గానీ బాస్ పోయింది, గట్టి చోట్ల పాట పగులుతోంది. (అక్కయ్యపాలెం)

జవాబు: రెండు ఫిర్యాదులకీ ఆ ఒక్క రెసిస్టరే కారణం.

ముందు బాస్ సంగతి. ఆ రెసిస్టర్, దాని వరసలోని కెపాసిటర్ కలిసి ఏ స్వరం కింద గెయిన్ తగ్గాలో నిర్ణయిస్తాయి. 470 ఓమ్‌లు, 47 మైక్రోఫారడ్‌లకి ఆ హద్దు 7 హెర్ట్జ్. వినికిడికి చాలా కింద ఉంది కాబట్టి బాధ లేదు. రెసిస్టర్ 100 చేసేసరికి అదే హద్దు 34 హెర్ట్జ్‌కి ఎగబాకింది. మృదంగం తొప్పి వైపు లోతైన నాదం, డబుల్ బాస్ అడుగు స్వరాలు అక్కడే పల్చబడ్డాయి. 100 ఓమ్‌లే ఉంచాలంటే కెపాసిటర్ 220 మైక్రోఫారడ్‌లది కావాలి, హద్దు మళ్లీ 7కి దిగుతుంది.

అయితే 100 ఉంచొద్దనే మా సలహా. 470 నుంచి 100 అంటే గెయిన్ 4.7 రెట్లు, 13 డెసిబెల్ పైనే పెరిగింది. పాత గెయిన్‌తో 5.5 మిల్లీవోల్టులు 347 అవుతుంది. అది చాలినంతే. ఇప్పుడు 1.6 వోల్టులవుతోంది, గట్టి చోట్ల 8 వోల్టులు కావాలి. 9 వోల్టుల అడాప్టర్ మీద ఆ చిప్ రెండున్నరకి మించి ఇవ్వలేదు. మూడో నష్టం కూడా ఉంది. ఆర్‌ఐఏఏ వల్ల 20 హెర్ట్జ్ దగ్గర గెయిన్ ఇంకో 19 డెసిబెల్ ఎక్కువ ఉండాలి. చిప్ మొత్తం సత్తా 100 డెసిబెల్ దగ్గర. వాడకం పెరిగేకొద్దీ సరిదిద్దుకోవడానికి మిగిలే ఫీడ్‌బ్యాక్ తగ్గిపోతుంది. ఒక్క చిప్ స్టేజితో 60 డెసిబెల్ లాగే కిట్లని మేం వద్దనేది ఇందుకే. అంత గెయిన్ రెండు స్టేజిల్లో పంచాలి.

470 మళ్లీ వెయ్యండి. ఒక్క మెట్టు పెంచి తీరాలనుకుంటే 330 ఓమ్‌లు వెయ్యండి, సరిగ్గా 3 డెసిబెల్ పెరుగుతుంది. కెపాసిటర్ 100 మైక్రోఫారడ్‌లది వేస్తే హద్దు 5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. రెండు చానెళ్లలోనూ ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే వాడండి, డాబాగార్డెన్స్ పార్టుల షాపుల్లో అడగండి. అయిదు శాతం కార్బన్‌వి వేస్తే ఎడమ కుడి తేడా వస్తుంది. మార్చేటప్పుడు అడాప్టర్ పీకి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మైనస్ గీత ముందున్న దిక్కులోనే పెట్టండి. ఇంతా చేసి సౌండ్ చాలకపోతే మీ పవర్ ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కి ఎంత వోల్టేజి కావాలో చూడండి. పూర్తి పవర్‌కి వోల్టు పైన అడిగేవి ఉన్నాయి. అలాంటి దానికి మధ్యలో రెండు మూడు రెట్ల లైన్ ప్రీయాంప్ పెట్టాలి, ఫోనో స్టేజిని పిండకూడదు.

ప్రశ్న: తాతగారి నాటి పెట్టె రికార్డ్ ప్లేయర్ ఉంది. స్పీకర్ పోయింది. కార్ట్రిడ్జ్ నుంచి వైర్లు తీసి ప్రీయాంప్‌కి ఇస్తే చెవులు చిల్లులు పడేలా కీచుమంటోంది. (కంచరపాలెం)

జవాబు: ఆ పెట్టెల్లో సాధారణంగా ఉండేది సెరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్రిడ్జ్. అది వందల మిల్లీవోల్టులిస్తుంది. దానికి ఫోనో ప్రీయాంప్ అక్కర్లేదు, ఆర్‌ఐఏఏ కూడా అక్కర్లేదు. ముల్లు వేగానికి కాక ముల్లు జరిగిన దూరానికి స్పందించే రకం కాబట్టి సర్దుబాటు చాలావరకు దానంతటదే అయిపోతుంది.

అలాగని నేరుగా ఆక్స్‌లో పెట్టినా బాస్ రాదు. విద్యుత్తు పరంగా అది ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, ఉజ్జాయింపుగా 800 పికోఫారడ్‌లనుకోండి. 47 కిలోఓమ్‌ల లోడ్ పెడితే 4 కిలోహెర్ట్జ్ కిందిదంతా తరిగిపోతుంది. 1 మెగాఓమ్ పెడితే ఆ హద్దు 200 హెర్ట్జ్‌కి, 2.2 మెగాఓమ్‌లు పెడితే 90కి దిగుతుంది. టీఎల్072 చిప్‌తో గెయిన్ ఒక్క రెట్టే ఉండే (సిగ్నల్‌ని పెంచకుండా దాటించే) బఫర్ కట్టి, ఇన్‌పుట్‌లో 2.2 మెగాఓమ్‌ల రెసిస్టర్ వేసి, దాని నుంచి ఆక్స్‌కి ఇవ్వండి. ఖర్చు కొద్దిపాటిదే.

రెండు జాగ్రత్తలు. పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్స్ కరెంటు నేరుగా చాసిస్‌కి తగిలే రకాలున్నాయి. తెలిసిన మెకానిక్‌తో చూపించాకే వేరే ఆంప్లిఫయర్‌కి కలపండి. అలాగే ఆ ఆర్మ్ ముల్లుని 5 గ్రాములకి పైన నొక్కవచ్చు. దాచుకున్న ఎల్‌పీలు దాని మీద వెయ్యకండి. 78 ప్లేట్లకి ముల్లు తిప్పే మీట ఉంటే తప్పకుండా తిప్పండి, వాటి గాడి ఎల్‌పీ గాడి కంటే చాలా వెడల్పు.

ప్రశ్న: ప్రీయాంప్ వెనక స్విచ్ 40 నుంచి 46కి మార్చాక హమ్ ఎక్కువైంది. ఇల్లు లాసన్స్ బే దగ్గర, సముద్రానికి ఎదురుగా. గెయిన్ పెంచితే హమ్ తప్పదా? (లాసన్స్ బే కాలనీ)

జవాబు: ముందు న్యాయంగా పోల్చండి. 46కి మార్చి వాల్యూమ్ తగ్గించకపోతే పాటా పెరిగింది, హమ్మూ పెరిగింది. పాట రెండుసార్లూ ఒకే చప్పుడుతో వినిపించేలా నాబ్ సర్దుకుని అప్పుడు హమ్ వినండి. సమానంగా ఉంటే అది గెయిన్ స్టేజికి ముందే, అంటే టర్న్‌టేబుల్ వైపు నుంచి వస్తోంది. 46లో తక్కువైతే దోషం ప్రీయాంప్ తర్వాత ఉంది.

తర్వాత స్వరం వినండి. లోతుగా, నున్నగా ఉంటే 50 హెర్ట్జ్. అది గ్రౌండ్ తీగ, కేబుల్, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ల పని. కాస్త పైన, రంపం కోసినట్టు ఉంటే 100 హెర్ట్జ్. అది పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్లది, లేదా ల్యాప్‌టాప్ చార్జర్ దారిన వచ్చిన ఎర్త్ లూప్.

ఇక వెతుకులాట. ఆంప్లిఫయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించాకే ప్రతి ప్లగ్గూ తియ్యండి. టర్న్‌టేబుల్ వైర్లు ప్రీయాంప్ నుంచి పీకి, ఆ రెండు సాకెట్లలో షార్టింగ్ ప్లగ్గులు (మధ్య పిన్నునీ బయటి రింగునీ కలిపేసినవి) పెట్టి వినండి. హమ్ పోతే దోషం వెనక్కి, టర్న్‌టేబుల్‌కి వెళ్లింది. సన్నని గ్రౌండ్ తీగని ప్రీయాంప్ గ్రౌండ్ స్క్రూకి బిగించండి, ఆ తీగ వదులైతేనే సగం ఇళ్లలో గొడవ. ఆర్మ్‌ని చేత్తో లేపి ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మధ్యకి తీసుకెళ్లండి. మధ్యకి వచ్చేకొద్దీ హమ్ పెరిగితే మోటార్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జ్‌కి తగులుతోంది. గ్రాడో కార్ట్రిడ్జ్‌లు కొన్ని టర్న్‌టేబుళ్ల మీద ఇలా చేస్తాయని పేరు. అప్పుడు కార్ట్రిడ్జ్ మార్చడం తప్ప గెయిన్‌తో చెయ్యగలిగింది లేదు. ప్రీయాంప్‌ని ఆంప్లిఫయర్ నెత్తిన పెట్టకండి, కనీసం ఒక అడుగు దూరం ఉంచండి.

హమ్ పోవాలని త్రీపిన్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. ఎవరు చెప్పినా ఆ పని చెయ్యకండి, ప్రాణాల మీదికి వస్తుంది. గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

మీ ఇంటికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉప్పుగాలి. బీచ్‌కి ఎదురుగా ఉన్న ఇళ్లలో ప్లగ్గుల మీద పచ్చటి చిలుము, హెడ్‌షెల్ కాంటాక్టుల మీద నల్లటి పొర త్వరగా పడతాయి. మిల్లీవోల్టులు నడిచే దారిలో ఆ పొర సరిపోతుంది, ఒక చానెల్ సన్నబడడానికి, హమ్ దూరడానికి, ఒక్కోసారి ఆకాశవాణి విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మాటలు పాట వెనకాల వినపడడానికి. హెడ్‌షెల్ విప్పి నాలుగు పిన్నులూ, కార్ట్రిడ్జ్ వెనక నాలుగు కాళ్లూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గరుకు కాగితం వాడితే బంగారు పూత పోయి ఇంకా త్వరగా చిలుము పడుతుంది. తిరిగి తగిలించేటప్పుడు రంగులు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. వానాకాలంలో రెండు నెలలకోసారి ఆర్‌సీఏ ప్లగ్గుల్ని తీసి తిప్పి పెడుతుంటే పొర కట్టదు.

ప్రశ్న: కేబుల్ మార్చి మీటరున్నర పొడుగుది పెట్టాక ‘స’, ‘శ’ అక్షరాలు గుచ్చుకుంటున్నాయి. కార్ట్రిడ్జ్ వీఎం95ఈ. గెయిన్ తగ్గిస్తే పోతుందా? (మధురవాడ)

జవాబు: పోదు, ఇది కెపాసిటెన్స్ వ్యవహారం. వీఎం95ఈ అడిగేది మొత్తం 100 నుంచి 200 పికోఫారడ్‌లు. మామూలు కేబుల్ మీటరుకి 100 అనుకుంటే మీది 150, ఆర్మ్ లోపలి తీగలు 30, ప్రీయాంప్ లోపల చాలావాటిలో 220. మొత్తం 400. కార్ట్రిడ్జ్ కాయిల్ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. 200 పికోఫారడ్‌లతో అది 15 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతిధ్వనిస్తుంది, అంత పైన ఎవరికీ గుచ్చుకోదు. 400తో ఆ ఉబ్బు 10.7 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. దాని కింది వాలు సరిగ్గా ఊష్మాలు పలికే చోట పడుతుంది. దాని పైన స్వరాలు తరిగిపోతాయి కాబట్టి గుచ్చుకుంటూనే మూసినట్టు కూడా ఉంటుంది.

ముప్పావు మీటరు కేబుల్ పెట్టండి. మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ రేంజి ఉంటే కేబుల్ రెండు వైపులా విప్పి, మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మధ్య కొలవండి. ప్రీయాంప్ అడుగున పికోఫారడ్ స్విచ్ ఉంటే 100 లేదా సున్నాకి మార్చండి. 2ఎం రెడ్ వాడేవాళ్లు 150 నుంచి 300 దాకా నిశ్చింతగా ఉండొచ్చు. డీఎల్-103 లాంటి తక్కువ ఓమ్‌ల ఎంసీలు నేరుగా ఎంసీ ప్రీయాంప్‌కి వెళ్తుంటే ఈ లెక్క పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: 2ఎం బ్లూతో రికార్డుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ప్రీయాంప్‌లో 36, 40, 46 స్విచ్‌లున్నాయి. ఏది పెట్టాలి? (ఉక్కునగరం)

జవాబు: 36. 5.5 మిల్లీవోల్టులు 347 అవుతుంది, గట్టి చోట్ల 1.7 వోల్టులు. ఇళ్లలో వాడే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు 2 వోల్టుల దగ్గర నిండిపోతాయి కాబట్టి 40 పెడితే గట్టి చోట్ల 2.75 వోల్టులై పైభాగం తెగుతుంది. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ వాడకండి, లైన్ ఇన్ ఉన్న ఇంటర్‌ఫేసే కావాలి. 24 బిట్‌లో, రికార్డు మీద అన్నిటికంటే గట్టిగా ఉన్న పాట ముందు వేసి, మీటర్ మైనస్ 6 డెసిబెల్ దాటకుండా సర్దుకుని, ఆ పక్క మొత్తం అదే స్థాయిలో ఎక్కించండి. మెల్లటి పాటలకి మధ్యలో పెంచుకోవద్దు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు.